యుద్ధ విమాన నమూనాలకు సరైన డెకాల్స్: మద్రాసు, హైదరాబాదు స్క్వాడ్రన్లు

ప్లాస్టిక్ కిట్‌తో కూర్చే యుద్ధ విమాన నమూనాల మీద దేశ గుర్తులు, స్క్వాడ్రన్ అక్షరాలు, సీరియల్ నంబరు, పైలట్లు వేయించుకున్న బొమ్మలు, రెక్కల మీది చిన్న చిన్న హెచ్చరికలు అన్నీ నీళ్లలో నానబెట్టి అంటించే పల్చటి అచ్చు పొరలుగా వస్తాయి. వీటినే డెకాల్స్ అంటారు. స్పిట్‌ఫైర్లు ఇరవై వేలకు పైగా తయారయ్యాయి. వాటిలో ఇది ఫలానా విమానం, ఫలానా సంవత్సరంలో ఫలానా చోట ఎగిరింది అని చెప్పేవి ఆ గుర్తులే. కిట్ ఎంత బాగా అతికినా, రంగు ఎంత నున్నగా వేసినా, అక్షరం ఒకటి తప్పితే ఆ నమూనా అసలు లేని విమానమైపోతుంది. అందుకే ఈ కళలో అచ్చు నాణ్యత కంటే ఆధారాల వెతుకులాటే పెద్ద పని.

కాణిపాకం క్షేత్రం ఉన్న ఐరాల మండలం నుంచి చూస్తే ఇది దూరదేశాల విషయంలా కనిపించవచ్చు. కానీ 1911 ఏప్రిల్ 1న ఏర్పడిన చిత్తూరు జిల్లా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 79, 234, 264 నంబర్ల స్క్వాడ్రన్లు మూడూ అధికారికంగా ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ పేరు పెట్టుకున్నవే. నిజాం రాజ్యం పేరు 110, 152, 253 స్క్వాడ్రన్లకు దక్కింది. పొరుగున ఉన్న మైసూరు పేరు 129వ స్క్వాడ్రన్‌ది. దాని చిహ్నంలో మైసూరు గండభేరుండం కూడా ఉంది. తెలుగు నేల పేరు మోసిన యుద్ధ విమానాలను నమూనాలుగా చేయదలచినవారికి ఈ స్క్వాడ్రన్లే మొదటి మెట్టు.

చందాలు, రెక్కలెక్కిన పేర్లు

1940లో బ్రిటన్ విమానోత్పత్తి మంత్రిగా ఉన్న బీవర్‌బ్రూక్ విమాన విరాళాలకు పెద్ద ఊపు తెచ్చాడు. 5,000 పౌన్లు ఇచ్చినవారు ఒక స్పిట్‌ఫైర్‌ను బహూకరించినట్టే అన్న లెక్క స్థిరపడింది. నిజంగా అయ్యే ఖర్చు అంతకంటే ఎక్కువే. వలస దేశాలు, సంస్థానాలు, నగరాలు, కంపెనీలు, క్లబ్బులు డబ్బు పోగుచేసి పంపాయి. దాత కోరిన పేరును విమానం ముక్కుకూ కాక్‌పిట్‌కూ మధ్య పసుపు రంగులో, సాధారణంగా నాలుగంగుళాల ఎత్తు అక్షరాలతో రాసేవారు. పెద్ద మొత్తం ఇచ్చిన ప్రాంతాల పేరు స్క్వాడ్రన్‌కే పెట్టారు.

డెకాల్స్ ఎంచుకునేవారు ఇక్కడే తడబడతారు. స్క్వాడ్రన్ బిరుదు వేరు, విమానం మీద రాసిన దాత పేరు వేరు. 234వ స్క్వాడ్రన్ మద్రాసు ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్ అయినంత మాత్రాన దాని ప్రతి స్పిట్‌ఫైర్ మీదా ‘మద్రాసు’ అని రాసి ఉండదు. ఆ బిరుదు ఉత్తర్వుల్లో, రికార్డుల్లో, చిహ్నం కింద కనిపిస్తుంది. అలాగే ఒక జిల్లా పేరు రాసిన విమానం ఆ జిల్లాతో ఏ సంబంధమూ లేని స్క్వాడ్రన్‌కు పోయి ఉండవచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విమానం ఎక్కడ కొరత ఉంటే అక్కడికి వెళ్లేది. కాబట్టి మీ జిల్లా పేరు మోసిన విమానం చేయాలనుకుంటే, ముందు ఆ పేరు ఏ సీరియల్ నంబరు విమానం మీద పడిందో పట్టుకోవాలి. ఆ తర్వాత ఆ నంబరు ఏ నెలలో ఏ స్క్వాడ్రన్‌లో ఉందో చూడాలి. దాతలకు పంపిన ఫొటోలు అందంగా ఉంటాయి గానీ చాలావాటిలో విమానం కొత్తది, స్క్వాడ్రన్ అక్షరాలు ఇంకా వేయనిది. అటువంటి ఫొటో చూసి దాత పేరు తీసుకుని, వేరే పుస్తకంలోంచి స్క్వాడ్రన్ అక్షరాలు తెచ్చి కలిపితే రెండూ ఒకే రోజున ఆ విమానం మీద ఉన్నాయని చెప్పలేం.

నాలుగంగుళాల అక్షరం 1/72 స్కేలులో 1.4 మిల్లీమీటర్లు, 1/48లో 2.1 మిల్లీమీటర్లు. బియ్యపు గింజ పొడవులో నాలుగో వంతు ఉండే ఆ పసుపు అక్షరాల్లో కూడా చేతిరాత పెయింటరు గీతల వంపు తెలుస్తుంది. కంప్యూటర్‌లో దొరికే ఏదో ఒక ఫాంటుతో కొట్టించిన పేరు అందుకే పక్కనే ఫొటో పెట్టి చూస్తే అతకనట్టు కనిపిస్తుంది.

విరాళపు రాత మోసి నేటికీ మిగిలి ఉన్న విమానం ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కు తొలి విడత డీహెచ్-9ఏ విమానాలన్నీ నిజాం నవాబు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బహుమతి. ప్రతి విమానం మీదా ఆ సంగతి రాశారు. ‘హైదరాబాదు స్క్వాడ్రన్’ అన్న పేరు అలా వచ్చిందే. వాటిలో ఎఫ్1010 నంబరుది 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో చాలాకాలం ఉండి, రెండో యుద్ధ కాలంలో పోలండుకు తరలిపోయి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను మారకంగా ఇచ్చాక లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి చేరింది. అది బాంబర్ అయినా ఇక్కడ చెప్పుకోక తప్పదు. విరాళపు రాత ఎక్కడ, ఎంత పరిమాణంలో, ఏ వరసలో ఉండేదో నేరుగా నిలబడి చూడగలిగే హైదరాబాదు విమానం అదే.

మద్రాసు పేరుతో మూడు స్క్వాడ్రన్లు

264వ స్క్వాడ్రన్ 1939 అక్టోబరులో మళ్లీ ఏర్పడి బౌల్టన్ పాల్ డిఫయంట్ విమానాలు నడిపింది. పైలట్ వెనకాల నాలుగు తుపాకుల టరెట్ ఉన్న విచిత్రమైన ఫైటర్ అది. స్క్వాడ్రన్ అక్షరాలు పీఎస్. కమాండర్ ఫిలిప్ హంటర్ నడిపిన ఎన్1535, పీఎస్-ఏ విమానం డెకాల్ తయారీదారులకు బాగా ఇష్టమైనది. ఎయిర్‌ఫిక్స్ కిట్‌లోనే ఆ గుర్తులు వచ్చాయి. 1940 ఆగస్టు 24న ఆ విమానంతో సహా హంటర్ తిరిగిరాలేదు. మద్రాసు పేరుతో తొలి నమూనా చేయాలనుకునేవారికి ఇదే మంచి ఎంపిక. కిట్ దొరుకుతుంది, గుర్తులు దానిలోనే ఉంటాయి, విమానం ఎవరిదో ఏనాటిదో స్పష్టంగా తెలుసు.

234వ స్క్వాడ్రన్ అక్షరాలు ఏజడ్. 1940 వేసవిలో ఇంగ్లండు నైరుతి తీరాన, తర్వాత మిడిల్ వాలప్‌లో స్పిట్‌ఫైర్లతో పోరాడింది. బాబ్ డో, ఆస్ట్రేలియా వాడైన పాట్ హ్యూస్ ఇందులోనివారే. 79వ స్క్వాడ్రన్ అక్షరాలు ఎన్‌వీ. మూడింటిలోనూ మన దేశానికి వచ్చి పోరాడింది ఇదొక్కటే. 1942లో హరికేన్లతో వచ్చి అరకాన్ సరిహద్దుల్లో పనిచేసి, 1944లో అమెరికన్ థండర్‌బోల్ట్‌లకు మారింది. ఆ థండర్‌బోల్ట్‌లకు పైలట్లను తయారుచేసిన శిక్షణ యూనిట్ బెంగళూరు పక్కన యలహంకలో ఉండేది. మద్రాసు పేరు మోసిన స్క్వాడ్రన్ మన పక్క ఆకాశంలోనే తిరిగిన సంగతి నమూనాకారులకు కూడా అంతగా పట్టలేదు. డెకాల్ పెట్టెల్లో 264కు ఉన్న చోటు 79కి లేకపోవడం విచారకరం.

బర్మా రంగంలో వలయాలు

ఈ విషయంలో అన్నిటికంటే చిక్కైనవీ, పనికి తగ్గ ఫలితం ఇచ్చేవీ ఆగ్నేయాసియా రంగపు విమానాలే. రాయల్ ఎయిర్‌ఫోర్స్ వలయ గుర్తులో మధ్యన ఎర్రటి బిళ్ల ఉండేది. జపాన్ విమానాల మీద గుర్తు కూడా ఎర్రటి బిళ్లే. గాలిలో క్షణంలో నిర్ణయం తీసుకోవలసిన పైలట్‌కు, కింద తుపాకీ పట్టినవాడికి ఎరుపు కనిపిస్తే చాలు, శత్రువే అనిపించేది. దాంతో ఈ రంగంలో ఎరుపును తీసేశారు. మొదట చాలా చోట్ల ఉన్న వలయంలోనే ఎర్ర బిళ్లను తెల్లగా పూసేశారు. తర్వాత ముదురు నీలం వలయం, మధ్యలో లేత నీలం అన్న చిన్న గుర్తు స్థిరపడింది. తోక మీది మూడు పట్టీల గుర్తు కూడా అలాగే నీలాల్లోకి మారింది.

ఈ మార్పు ఒక్కరోజున జరగలేదు. ఒకే స్క్వాడ్రన్‌లో ఒకే నెలలో పాత వలయం మీద తెలుపు పూసిన విమానమూ, కొత్త నీలి వలయం వేసిన విమానమూ పక్కపక్కన నిలబడి ఉండేవి. పాత పెద్ద వలయాన్ని చెరిపి చిన్నది వేసినచోట చుట్టూ కొత్త ఆకుపచ్చ రంగు పాతదానికంటే ముదురుగా మిగిలిపోయేది. మంచి నమూనాకారుడు ఆ ముదురు మచ్చను కూడా పెయింట్‌తో వేస్తాడు. డెకాల్ ఒక్కటే దాన్ని చూపలేదు. 1945 నాటికి ఇంకో పొర చేరింది. స్పిట్‌ఫైర్లకు, థండర్‌బోల్ట్‌లకు రెక్కల మీద, తోక మీద తెల్లటి పట్టీలు వేశారు. రంగు వేయకుండా మెరిసే లోహంతోనే వచ్చిన థండర్‌బోల్ట్‌లకు అవే పట్టీలు ముదురు రంగులో వేశారు. అంటే 79వ స్క్వాడ్రన్ థండర్‌బోల్ట్ డెకాల్ కొనేముందు ఆ విమానం రంగు పూసినదా, లోహపు మెరుపుతో ఉన్నదా అన్నది తేల్చుకోవాలి. అది తేలకపోతే పట్టీల రంగే తప్పుతుంది.

152వ హైదరాబాదు స్క్వాడ్రన్ కథ ఈ రంగంలోనే వెలుగుతుంది. 1940లో ఇంగ్లండు దక్షిణ తీరాన వార్మ్‌వెల్‌లో ఉన్నప్పుడు దాని అక్షరాలు యూఎం. తర్వాత మధ్యధరా ప్రాంతం, 1943 చివర్లో స్పిట్‌ఫైర్ మార్క్ 8లతో భారతదేశం, అక్కడి నుంచి బర్మా. అధికారిక చిహ్నంలో నిజాం నవాబు తలపాగా ఉంటుంది. కానీ బర్మాలో దాని స్పిట్‌ఫైర్లకు గుర్తింపు తెచ్చింది వేరే బొమ్మ. నీలి వలయం మీదుగా దూకుతున్న నల్ల చిరుతను విమానం పక్క భాగాన పెద్దగా వేశారు. ఈ స్క్వాడ్రన్ డెకాల్ అంటే నేడు అందరూ వెతికేది ఆ చిరుతనే.

ఆ చిరుత దగ్గరే అచ్చువేసినవారి శ్రద్ధ ఎంతో తెలుస్తుంది. అది చేత్తో వేసిన బొమ్మ. విమానం మారితే నడుము వంపు, తోక మెలిక, ముందు కాళ్లు వలయం అంచును దాటిన దూరం మారతాయి. కొందరు తయారీదారులు ఒకే చిరుత గీసి కాపీ చేసి, రెండో వైపుకు అద్దంలో తిప్పినట్టు తిప్పి, నాలుగు విమానాలకు అదే ఇస్తారు. షీటు మీద అందంగానే ఉంటుంది. ఫొటో పక్కన పెట్టి చిరుత చెవి నుంచి వలయం మధ్య బిందువు దాకా, అక్కడి నుంచి అక్షరం అంచు దాకా దూరాలు కొలిస్తే తేడా బయటపడుతుంది. కొలత కోసం ఫొటోలో తెలిసిన పొడవు ఒకటి కావాలి. 1940లో తోక గుర్తుకు నిర్ణయించిన 24 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల ఎత్తు బ్రిటన్ విమానాల ఫొటోలకు అలాంటి కొలబద్ద. బర్మా విమానాలకు ఆ గుర్తు పరిమాణం మారిపోయింది కనుక ప్యానెల్ అతుకుల మధ్య దూరాన్నో, చక్రం వ్యాసాన్నో ఆధారం చేసుకోవడం మేలు.

253వ హైదరాబాదు స్క్వాడ్రన్ హరికేన్లు నడిపింది. అక్షరాలు ఎస్‌డబ్ల్యూ, చిహ్నంలో భారతీయ యుద్ధ గొడ్డలి పట్టిన చేయి.

నలుపు తెలుపు ఫొటోను చదవడం

డెకాల్ సరైనదా కాదా అనడానికి మొదటి సాక్షి ఫొటో. కానీ నలుపు తెలుపు ఫొటో రంగుల విషయంలో మోసం చేస్తుంది. ఆ రోజుల్లో వాడిన ఫిల్ముల్లో ఒక రకం ఎరుపును, పసుపును గుర్తించలేక ముదురుగా చూపేది, నీలాన్ని తేలిక చేసేది. వలయం చుట్టూ ఉన్న పసుపు అంచు దాదాపు నల్లగా పడుతుంది. ఇంకో రకం ఫిల్ము అదే పసుపును తెల్లగా చూపుతుంది. ఇది తెలియక ‘ఈ విమానానికి పసుపు వలయం లేదు’ అని రాసిన పుస్తకాలూ, దాన్ని నమ్మి అచ్చువేసిన షీట్లూ ఉన్నాయి. ముందుగా ఆ ఫొటోలోనే తెలిసిన రంగు ఏదో ఒకటి చూసి ఫిల్ము స్వభావం గ్రహించాలి. సిబ్బంది వేసుకున్న పసుపు లైఫ్ జాకెట్ కనిపిస్తే అంతకంటే మంచి సూచిక ఉండదు.

తేదీ రెండో సాక్షి. 1942 మధ్యలో బ్రిటన్ విమానాల వలయంలో తెలుపు, పసుపు అంచులు సన్నబడ్డాయి. స్క్వాడ్రన్ అక్షరాలు మొదట బూడిద రంగులో, తర్వాత ‘స్కై’ అనే లేత ఆకుపచ్చ రంగులో వేశారు. తూర్పు రంగంలో తెల్ల అక్షరాలు ఎక్కువ. ఫొటో మీద తేదీ లేకపోతే ఈ మార్పులే తేదీని ఊహించే దారి. స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వర్గంలో ఉన్నాయి. ఏ రోజున ఏ నంబరు విమానాన్ని ఎవరు నడిపారో వాటిలో చాలావరకు దొరుకుతుంది. బర్మా రంగపు ఫొటోల గని ఇంపీరియల్ వార్ మ్యూజియం.

మూడో సాక్షి మ్యూజియంలో మిగిలిన విమానం. దీన్ని కొంత జాగ్రత్తగా వాడుకోవాలి. ప్రదర్శన కోసం నిలబెట్టిన విమానానికి ప్రతి కొన్నేళ్లకూ కొత్త రంగు పడుతుంది. ప్రతిసారీ అక్షరాలు కొంచెం జరుగుతాయి, రంగు ఛాయ మారుతుంది. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఉన్న సీ హ్యారియర్‌ను చూసి ఆకారం, ప్యానెళ్లు, చక్రాల గదులు నేర్చుకోవచ్చు. గుర్తుల ఛాయకు మాత్రం అది సేవలో ఉన్నప్పటి ఫొటోలే నమ్మదగ్గవి. 

స్వతంత్ర భారత విమానాలకు వేరే తనిఖీలు ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కొంతకాలం తెల్లటి వలయంలో నీలి అశోక చక్రం గుర్తుగా ఉండేది; 1950 నుంచి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు వచ్చాయి. తొలినాళ్ల టెంపెస్ట్, స్పిట్‌ఫైర్ నమూనాలకు నేటి త్రివర్ణ వలయం అంటించడం తరచుగా కనిపించే పొరపాటు. సీరియల్ నంబరు ముందుండే అక్షరాలు కూడా చూసుకోవాలి: హంటర్‌కు బీఏ, నాట్‌కు ఐఈ. 1971లో మిగ్-21ల మీద హడావిడిగా పూసిన ఆకుపచ్చ రంగు ఒక్కో విమానానికి ఒక్కో రకంగా ఉంది. అక్కడ ఫొటో లేకుండా నమూనా మొదలుపెట్టకపోవడమే మంచిది.

దొరకనప్పుడు అచ్చు వేసుకోవడం

బ్రిటన్, పోలండు, చెక్ దేశాల తయారీదారుల షీట్లు ఎక్కువగా సిల్క్ స్క్రీన్ పద్ధతిలో అచ్చవుతాయి. కాగితం, దాని మీద నీటిలో కరిగే జిగురు, ఆపైన పారదర్శకమైన వార్నిష్ పొర, ఆ పైన ఒక్కో రంగుకూ విడిగా ఒక్కో సిరా. ఇటలీలోని కార్టోగ్రాఫ్ ఈ పనిలో పేరు మోసింది. కోరుకున్న విమానం అచ్చులో లేకపోతే డెకాల్ కాగితం తెచ్చుకుని సొంతంగా ముద్రించుకోవచ్చు. చిక్కు తెలుపుతోనే. ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో ఉండే ప్రింటర్లు తెల్ల సిరా వేయవు, మిగతా సిరాలు పలచగా పారదర్శకంగా పడతాయి. ముదురు ఆకుపచ్చ రెక్క మీద అంటించగానే లేత నీలం మాయమై మురికిగా కనిపిస్తుంది. పసుపు విరాళపు పేరు అయితే అసలు చదవరాదు. తెల్ల డెకాల్ కాగితం మీద ముద్రించి అంచు వెంట కోయడం పెద్ద వలయాలకు కుదురుతుంది, 1.4 మిల్లీమీటర్ల అక్షరాలకు కుదరదు.

దీనికి చిత్తూరు, తిరుపతి వంటి ఊళ్లలో మంచి మార్గమే ఉంది. బైకుల నంబరు ప్లేట్ల మీద రేడియం స్టిక్కర్లు కోసే షాపుల్లో కంప్యూటర్ కట్టర్ ఉంటుంది. వలయాన్ని, పెద్ద అక్షరాలను డ్రాయింగ్‌గా ఇచ్చి పలచటి వినైల్ మీద కోయించుకుని, దాన్ని అంటించకుండా ముసుగుగా వాడి లోపల రంగు స్ప్రే చేయాలి. అసలు విమానం మీద కూడా ఆ గుర్తులు స్టెన్సిల్‌తోనో చేత్తోనో వేసిన రంగే కాబట్టి ఫలితం డెకాల్ కంటే సహజంగా ఉంటుంది. చిరుత బొమ్మ వంటివాటికి, సన్నటి పేర్లకు మాత్రం స్క్రీన్ ప్రింటింగే దిక్కు. శుభలేఖలు ముద్రించే స్క్రీన్ ప్రింటర్‌కు తెల్ల సిరా కొత్త కాదు. డెకాల్ కాగితం మీద మొదట తెలుపు, దానిపై పసుపు సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడేలా వేయించడమే ఓపికతో చేయించుకోవలసిన పని.

అంటించేటప్పుడు ఉపరితలం నిగనిగలాడే వార్నిష్‌తో నున్నగా ఉండాలి. గరుకు రంగు మీద అంటిస్తే పొర కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం వేస్తే అది ప్యానెల్ గీతల్లోకి దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ ద్రవం పని ముగించకముందే ఆరిపోతుంది. ఫ్యాను ఆపి తెల్లవారుజామున చేయడం మంచిది. ఈ ప్రాంతపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లలో నానబెడితే ఆరాక అంచుల చుట్టూ తెల్లటి మరకలు మిగులుతాయి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడితే ఆ బెడద ఉండదు. పాత షీట్ల వార్నిష్ పసుపెక్కి ఉంటే కిటికీ అద్దానికి లోపలి వైపున అంటించి కొన్నాళ్లు ఎండ తగలనిస్తే చాలావరకు తెల్లబడుతుంది.

విరాళాల కథ వెతికేవారికి దగ్గరి ఆధారం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ పత్రాలు అక్కడున్నాయి. ఆనాడు మద్రాసు నుంచే వెలువడిన ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ది హిందూ సంచికల్లోనూ యుద్ధ నిధి వార్తల కోసం చూడాలి. నిజాం పక్షపు రికార్డులకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. ఈ రెండు చోట్ల దొరికే దాత పేరును, ఇచ్చిన సంవత్సరాన్ని క్యూలోని విమానాల నంబర్లతో జతపరిస్తేనే ఒక జిల్లా పేరు మోసిన విమానానికి నమ్మదగ్గ డెకాల్ గీయగలం.